బాపు అడిగే రెండో ప్రశ్న: తెర మీది ఇంటర్‌ప్రెటర్, పక్కన కూర్చునే ఇంటర్‌ప్రెటర్

మా అమ్మకూ బాపుకూ (నాన్నను మేం బాపు అంటాం) పుట్టుకతోనే వినపడదు. వరంగల్ కొత్తవాడలోని మా ఇంట్లో మగ్గం చప్పుడు వింటూ పెరిగింది నేనొక్కదాన్నే. బాపు జంపఖానాలు నేస్తాడు, అమ్మ కండెలు చుడుతుంది. 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి బాపుకు సైగల్లో చెప్పింది నేనే. అంతకుముందు రేషన్ దుకాణంలో, బ్యాంకులో, నూలు వ్యాపారి దగ్గర, ఆసుపత్రుల్లో, ఏడేళ్ల వయసు నుంచి వాళ్లకూ ఊరికీ మధ్య మాట మోసింది కూడా నేనే.

నాకు పన్నెండేళ్లప్పుడు ఒక ఆసుపత్రి వరండాలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, మీ నానమ్మ ఇక బతకదని మీ నాన్నకు చెప్పమన్నాడు. నేను బాపు దగ్గరకు వెళ్లి ‘నానమ్మ నిద్రపోతోంది’ అని సైగ చేశాను. మూడు రోజులు బాపు ఆ నిద్రను నమ్మాడు. ఇప్పుడు నాకు ముప్పై ఎనిమిదేళ్లు. ఆ అబద్ధం ఇంకా నా చేతుల్లోనే ఉంది. అందుకే శిక్షణ పొందిన సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటర్‌ను, అంటే సైగలను మాటల్లోకీ మాటలను సైగల్లోకీ మార్చే మనిషిని, డబ్బులిచ్చి పిలవాలన్నది మా ఇంట్లో చాలా పెద్ద నిర్ణయం.

గత డిసెంబరు నుంచి ఈ జూన్ దాకా వీడియో ద్వారా పదకొండు సార్లు, మనిషిని స్వయంగా రప్పించుకుని నాలుగు సార్లు ఈ సేవ వాడుకున్నాం. వీడియోకు మూడు చోట్ల ప్రయత్నించాం, స్వయంగా వచ్చినవాళ్లు ఇద్దరు. కాబట్టి ఇది ఏ ఒక్క సంస్థ మీదా తీర్పు కాదు. మాలాంటి ఇళ్లవాళ్లు, అంటే బధిరులైన తల్లిదండ్రులో బిడ్డలో ఉన్నవాళ్లు, వరంగల్‌లోనో పరకాలలోనో నర్సంపేటలోనో కూర్చుని దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలో తెలియక తికమకపడుతుంటారు. నాకు తెలిసినంత వాళ్లకు చెప్పాలని రాస్తున్నాను.

ముందుగా నా కొలత చెబుతాను. బాపు ఎవరేం చెప్పినా తల ఊపుతాడు. అర్థమైనా ఊపుతాడు, కాకపోయినా ఊపుతాడు. అరవై రెండేళ్లుగా వినేవాళ్ల మధ్య బతకడంలో అలవాటైన మర్యాద అది. మొదటి ప్రశ్న కూడా ఏదో ఒకటి అడుగుతాడు, అది ఎదుటివాళ్ల తృప్తి కోసం. నిజంగా అర్థమైనప్పుడు మాత్రం రెండో ప్రశ్న వస్తుంది. కనుబొమలు పైకెత్తి, కాస్త ముందుకు వంగి అడుగుతాడు. ఒక ఇంటర్‌ప్రెటర్ మంచివారో కారో నేను ఇన్ని నెలలుగా చూసుకున్నది అదొక్కటే: బాపు రెండో ప్రశ్న అడిగాడా?

మొదట వీడియో గురించి. ఇందులో రెండు రకాలు ఉన్నాయి, చాలామంది కలిపేస్తారు. ఒకటి ఫోను మాట్లాడించే పద్ధతి: బాపు ఇంట్లో ఉంటాడు, అవతలి మనిషి ఎక్కడో ఫోనులో ఉంటాడు, మధ్యలో ఇంటర్‌ప్రెటర్ బాపును వీడియోలో చూస్తూ అవతలివారితో మాటల్లో మాట్లాడతారు. రెండోది ఎదురెదురు సంభాషణ: బాపు, బ్యాంకు మేనేజరు ఒకే బల్లకు అటూ ఇటూ ఉంటారు, ఇంటర్‌ప్రెటర్ మాత్రం తెర మీద ఉంటారు.

ఫోను పద్ధతికి నా పూర్తి మద్దతు. మేం మొదటిసారి వాడింది బకాయి పడిన ఒక వ్యాపారికి ఫోను చేయడానికి. పదహారు జంపఖానాల డబ్బు ఆరు వారాలుగా రాలేదు. ఇంతకుముందైతే నేనే మాట్లాడేదాన్ని. ఆ రోజు ఒక మహిళా ఇంటర్‌ప్రెటర్ బాపు సైగలను చూస్తూ ఉన్నది ఉన్నట్టు పలికింది: “నేను దారం డబ్బు అప్పు తెచ్చి కట్టాను. మీరు అమ్మేసుకున్నారు. శనివారం నాటికి సగం పంపండి, లేకపోతే తరువాతి సరుకు వేరేవాళ్లకు ఇస్తాను.” పక్క గదిలో వింటున్న నేను నివ్వెరపోయాను. ఇన్నేళ్లూ బాపు ఇంత గట్టిగానే మాట్లాడుతున్నాడు. ‘అన్నా, కొంచెం చూడండి’ అని దాన్ని మెత్తబరిచింది నేను. శనివారం సగం డబ్బు వచ్చింది. ఇరవై రెండు నిమిషాల ఆ సంభాషణకు మాకైన ఖర్చు మూడు వందల రూపాయలు.

బ్యాంకులోనూ వీడియో బాగానే పనిచేసింది. ఖాతాకు ఆధార్ సరిచూడటం, నామినీ పేరు మార్చడం, అంతే పని. బల్ల మీద టాబ్లెట్ నిలబెట్టి, బాపు వెనక కిటికీ లేకుండా కుర్చీ జరిపి, మా ఫోను నుంచే ఇంటర్నెట్ పెట్టుకున్నాం. మేనేజరు నామినీ గురించి చెప్పాడు. బాపు తల ఊపాడు. ఎన్ని సంతకాలు పెట్టాలని ఒక ప్రశ్న అడిగాడు. తరువాత ముందుకు వంగాడు. “నేను పోతే నా భార్య ఇక్కడికి రావాలి కదా. ఆమెకూ వినపడదు. మీరు ఆమెను పేరు పెట్టి పిలిస్తే ఎలా తెలుస్తుంది?” మేనేజరు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత ఖాతా వివరాల దగ్గర ఒక గమనిక రాయించాడు: ఖాతాదారుకూ నామినీకీ వినపడదు, దగ్గరకు వెళ్లి పలకరించాలి, ఫోను చేయకుండా సందేశం పంపాలి అని. నేను పక్కన ఉండి మాట మోసిన ముప్పై ఏళ్లలో బాపు బ్యాంకులో ఇలాంటి ప్రశ్న ఒక్కటీ అడగలేదు. కూతురి నోటితో తన చావు గురించి అడిగించడం ఇష్టంలేక అయి ఉంటుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. టాబ్లెట్ స్పీకరులోంచి ఖాతాలో ఎంత ఉందో వరుసలో నిలబడ్డవాళ్లందరికీ వినపడింది. బాపుకు అది తెలియదు, నాకు తెలిసింది. మరుసటిసారి మేనేజరుకు ఇయర్‌ఫోన్ ఇచ్చాం. వినపడని మనిషికి తన రహస్యం బయటకు వినపడుతోందని తెలిసే మార్గం లేదు, ఆ బాధ్యత సేవ ఇచ్చేవాళ్లదీ ఎదుటివాళ్లదీ.

వీడియో మీద నమ్మకం కుదిరిన ఆ ఊపులోనే ఫిబ్రవరిలో కంటి ఆసుపత్రికి కూడా వీడియో చాలనుకున్నాం. తప్పు నాది కూడా. బాపుకు రెండు కళ్లలోనూ శుక్లాలు. కుడి కంటికి ముందు ఆపరేషన్ చేయాలన్నారు. కళ్లు మసకబారిన మనిషి ముందు పది అంగుళాల తెర పెట్టి, అందులో అరచేయంత కనిపించే మనిషి సైగలు చదవమంటున్నామని నాకు ఆ రోజు ఉదయం తట్టలేదు.

అక్కడ జరిగింది వివరంగా రాస్తాను, ఎందుకంటే లోపం ఎక్కడ పుడుతుందో తెలియకపోతే అందరూ ఇంటర్నెట్ వేగాన్నే తప్పుబడతారు.

సంజ్ఞా భాషలో సగం వ్యాకరణం ముఖంలో ఉంటుంది. భారతీయ సంజ్ఞా భాషలో ‘ఏమిటి, ఎందుకు, ఎక్కడ’ లాంటి ప్రశ్నపదాలు వాక్యం చివర వస్తాయి, వాటికి చేతి సైగలు ఉన్నాయి. అవునా కాదా అని అడిగే ప్రశ్నకు మాత్రం వేరే సైగ లేకపోవచ్చు. కనుబొమలు పైకి లేస్తాయి, తల ముందుకు వస్తుంది, అంతే. ‘మీకు చక్కెర వ్యాధి ఉంది’, ‘మీకు చక్కెర వ్యాధి ఉందా?’ ఈ రెంటికీ చేతుల్లో తేడా ఉండదు, ముఖంలో ఉంటుంది. తెర మీది ఇంటర్‌ప్రెటర్ సరిగానే అడిగింది. శుక్లం కమ్మిన కంటికి ఆ చిన్న ముఖంలో కనుబొమలు ఆనలేదు. బాపు తన అలవాటు ప్రకారం తల ఊపాడు. నర్సు ‘షుగర్ ఉంది’ అని రాసేసింది. బాపుకు చక్కెర వ్యాధి లేదు. సాయంత్రం కాగితాలు సర్దుతుంటే నేను చూశాను కాబట్టి సరిపోయింది.

రెండోది భాష. ఆ రోజు దొరికిన ఇంటర్‌ప్రెటర్‌ది ఉత్తరాది. చేతులు చక్కగా నడిచాయి, తెలుగు మాత్రం రాదు. డాక్టరు తెలుగులో చెప్పేవాడు, ఆయన సహాయకుడు హిందీలో తిప్పి చెప్పేవాడు, దాన్ని ఆమె సైగల్లోకి మార్చేది. ఏ మాటా మూడు చేతులు మారి నిలవదు. కొత్త పదం వచ్చినప్పుడు ఆమె వేళ్లతో అక్షరాలు చూపించింది, అవి ఇంగ్లీషు అక్షరాలు, రెండు చేతులతో చూపే పద్ధతి. బాపు ఐదో తరగతి దాకా తెలుగులో చదివాడు. ‘శుక్లం’ అని తెలుగులో రాసి చూపిస్తే చదువుతాడు. ఇంగ్లీషులో ‘క్యాటరాక్ట్’ అక్షరం అక్షరంగా చూపిస్తే వేళ్లు కదలడం తప్ప ఏమీ చూడలేడు. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి పది వేల పదాల నిఘంటువు తెచ్చింది. అది మంచి పని, నేనూ వాడతాను. కానీ కొత్తవాడలో అరవై దాటిన మనిషి చేతుల్లో ఉన్న పదాలు బడి మిత్రుల నుంచి, మగ్గం నుంచి, మా అమ్మ నుంచి వచ్చినవి. వాటిని పట్టుకోవడానికి కొంత సమయం పడుతుంది. పదిహేను నిమిషాల వీడియోలో ఆ సమయం ఉండదు.

మూడోది వేలు. డాక్టరు మాటిమాటికీ వేలు చూపుతాడు. స్కాను కాగితం మీద ‘ఇక్కడ’ అంటాడు, కంటి బొమ్మ మీద ‘దీని వెనక’ అంటాడు, రెండు లెన్సుల పెట్టెలు చూపి ‘ఇదైతే ఇంత, అదైతే అంత’ అంటాడు. తెర మీది మనిషికి అవేమీ కనిపించవు. ఆమె పాపం ‘ఇది, అది’ అని గాలిలో చూపించింది. బాపుకు తెర లోపలి వేలు ఎటు చూపుతోందో అర్థం కాలేదు. సంజ్ఞా భాషకు గదిలోని చోటు కూడా ఒక మాటే. డాక్టరు ఎడమ పక్కన ఉంటే ఎడమవైపు చూపడమే ‘డాక్టరు’. గది మొత్తం బల్లపరుపు తెరలో ఇమిడిపోతే ఆ మాటలన్నీ పోతాయి.

వీటి తరువాత వస్తుంది ఇంటర్నెట్. రెండు సార్లు బొమ్మ ఆగిపోయింది. మాట ఆగితే మధ్యలో ఏదో పోయిందని చెవికి తెలుస్తుంది. సైగ మధ్యలో ఆగితే ఆ ఆగిన చేయి మరో పదంలా కనిపిస్తుంది.

అమెరికాలో 2010లో సవరించిన వైకల్య చట్ట నిబంధనలు ఆసుపత్రులూ కార్యాలయాలూ వాడే వీడియో ఇంటర్‌ప్రెటింగ్‌కు కొలతలు పెట్టాయి. బొమ్మ తడబడకూడదు, మసకగా ఉండకూడదు, ఇంటర్‌ప్రెటర్ ముఖం, చేతులు, వేళ్లు స్పష్టంగా కనిపించేంత పెద్దదిగా ఉండాలి, ఎదుటి మనిషి ఏ భంగిమలో ఉన్నా అతని ముఖం, చేతులు, వేళ్లు కూడా కనిపించాలి, పరికరం నడిపేవారికి శిక్షణ ఉండాలి. ‘ఏ భంగిమలో ఉన్నా’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. బల్ల మీద వెల్లకిలా పడుకున్న రోగిని దృష్టిలో పెట్టుకుని ఎవరో ఆ మాట రాశారు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, సమాచార మార్పిడి అంటే ఏమిటో చెప్పేచోట సంజ్ఞా భాషను కూడా చేర్చింది. ఆ మాట మా కంటి ఆసుపత్రి బల్ల దాకా రావాలంటే ఇలాంటి కొలతలు ఇక్కడా కావాలి.

ఆ రోజు బాపు అడిగిన ప్రశ్నలు సున్నా. నాలుగు సార్లు తల ఊపాడు, సంతకం పెట్టాడు. ఇంటికొచ్చి మగ్గం దగ్గర కూర్చుని నన్ను అడిగాడు: “కంట్లో ఏం పెడతారు?” నేను ఆసుపత్రికి ఫోను చేసి ఆపరేషన్ రెండు వారాలు వాయిదా వేయించాను.

తరువాత హైదరాబాద్ నుంచి మనిషిని పిలిపించాం. సంజ్ఞా భాష ఇంటర్‌ప్రెటింగ్‌లో రెండేళ్ల డిప్లొమా చేసిన యువకుడు, ముప్పై ఏళ్లుంటాయి, ఖమ్మం జిల్లావాడు, తెలుగు ఇంటి భాష. రోజుకు మూడు వేల రూపాయలు, రైలు చార్జీలు, భోజనం మా బాధ్యత. మా వైపు ఇలాంటి శిక్షణ ఉన్నవాళ్లు దొరకడం కష్టం, దొరికినా పది రోజుల ముందు చెప్పాలి. ఉదయం రైల్లో కాజీపేటలో దిగి, తొమ్మిదిన్నరకు మా ఇంట్లో ఉన్నాడు. డాక్టరును కలవాల్సింది పదకొండున్నరకు. ఈ రెండు గంటలు ఎందుకని నేననుకున్నాను. ఆ రెండు గంటలకే మూడు వేలు ఇవ్వొచ్చని తరువాత తెలిసింది.

బాపుతో చాయ్ తాగాడు. మగ్గం చూశాడు. నాడె, పడుగు (నిలువు దారం), పేక (అడ్డదారం), వీటికి బాపు చేసే సైగలు అడిగి తెలుసుకున్నాడు. పెళ్లి ఎప్పుడైంది, బడి ఎక్కడ, ఎవరెవరు స్నేహితులు అని ముచ్చట పెట్టాడు. పైకి పిచ్చాపాటీ. నిజానికి బాపు చేతుల యాసను అతను నేర్చుకుంటున్నాడు. కాసేపటికి తను ఎంత దూరంలో కూర్చుంటే బాపుకు కనుబొమలు కనిపిస్తున్నాయో అడిగి, కుర్చీ ముందుకూ వెనక్కూ జరిపి చూశాడు. నాలుగు అడుగులు. ముదురు నీలం చొక్కా వేసుకొచ్చాడు, చేతులు దాని మీద విడిగా కనిపించాలని. నన్ను పక్కకు పిలిచి, “అక్కా, లోపల మీరు సైగలు చేయకండి. కూతురిగా కూర్చోండి” అన్నాడు. ఆ మాట నాతో అన్న మొదటి మనిషి అతనే.

లోపల డాక్టరు అందరిలాగే మొదట అతని వైపు చూసి, “ఆయనకు చెప్పండి” అని మొదలుపెట్టాడు. అతను డాక్టరు పక్కకు, కాస్త వెనక్కు జరిగి నిలబడ్డాడు, బాపుకు ఇద్దరూ ఒకే చూపులో కనపడేలా. బాపు సైగ చేసినప్పుడు ‘ఆయన అంటున్నాడు’ అనలేదు, “నాకు” అనే పలికాడు. రెండు నిమిషాల్లో డాక్టరు చూపు దానంతటదే బాపు వైపు తిరిగింది.

లెన్సు సంగతి వచ్చింది. మామూలు లెన్సు ఒకే దూరానికి స్పష్టంగా చూపిస్తుందని, సాధారణంగా దూరపు చూపుకు పెట్టి దగ్గరి పనికి అద్దాలు ఇస్తారని డాక్టరు చెప్పాడు. బాపు తల ఊపాడు. నా గుండె జారింది. ఖర్చెంత అని ఒక ప్రశ్న అడిగాడు. అప్పుడు కుర్చీ అంచుకు జరిగి, కనుబొమలు ఎత్తాడు.

“దూరం అంటే ఎంత దూరం? బస్సు బోర్డు దూరమా, నాతో మాట్లాడే మనిషి చేతుల దూరమా?”

ఇంటర్‌ప్రెటర్ అది పలకడంతో ఆగలేదు. బాపు చూపించిన దూరాన్ని, తనకూ బాపుకూ మధ్య ఉన్న ఆ నాలుగు అడుగులను డాక్టరుకు కనిపించేలా కాస్త పక్కకు తిరిగి నిలబడ్డాడు. బాపు ఇంకా చెప్పాడు: మగ్గం మీద పేక రెండు అడుగుల దూరం, అద్దాలు పెట్టుకుని నేయగలను. భార్య ముఖం నాలుగైదు అడుగుల దూరం. ఆమె మాట వినాలంటే ప్రతిసారీ అద్దాలు వెతుక్కోవాలా? డాక్టరు కలం కింద పెట్టాడు. లెన్సు పవర్ కొంచెం మార్చి మీటరు, మీటరున్నర దూరం బాగా తేటగా ఉండేలా పెట్టవచ్చని, అప్పుడు బస్సు బోర్డులకు అద్దాలు కావాలని చెప్పాడు. బస్సు బోర్డు అక్కర్లేదు, నా కూతురు చదువుతుంది అన్నాడు బాపు. రెండు వారాల కింద సంతకం పెట్టించిన కాగితంలో దూరపు లెన్సు ఉంది. ఆ కాగితం మారింది.

ఆపరేషన్ రోజు ఇంకో సమస్య. శుక్లం ఆపరేషన్‌కు సాధారణంగా పూర్తి మత్తు ఇవ్వరు, కంటికి మాత్రం మందు వేస్తారు, మనిషి మెలకువగా ఉంటాడు. ముఖం మీద గుడ్డ కప్పుతారు, ఒక్క కన్నే తెరిచి ఉంటుంది, దాని మీద పెద్ద వెలుగు. కదలకండి, కిందికి చూడండి, అయిపోవచ్చింది అని డాక్టరు మాటలతోనే ధైర్యం చెబుతూ ఉంటారు. బాపుకు ఆ పావుగంట మాటా లేదు, చూపూ లేదు. ఏ వీడియో తెరా అక్కడ పనికిరాదు. ఇంటర్‌ప్రెటర్ ముందే డాక్టరుతో, బాపుతో కూర్చుని స్పర్శ గుర్తులు కుదిర్చాడు. అరచేతిలో ఒకసారి గట్టిగా నొక్కితే కదలొద్దు. మణికట్టు వైపు గీస్తే కిందికి చూడు. మూడు సార్లు తడితే సగం అయింది. అరచేయి మొత్తం తెరిచి పెడితే అయిపోయింది. బాపుకు నొప్పి పుడితే బొటనవేలు ఎత్తాలి, చేయి లేపకూడదు. బయట మంచం మీద నాలుగు సార్లు సాధన చేయించాడు. ఆసుపత్రివాళ్ల బట్టలు, టోపీ వేసుకుని లోపల బాపు ఎడమచేయి పట్టుకుని కూర్చున్నాడు. తరువాత బాపు అమ్మకు ఆ పావుగంట ఎలా గడిచిందో చెబుతూ తన అరచేయి చూపించాడు, ఇక్కడ మాట్లాడుకున్నాం అని.

ఇదంతా చదివి, ఎదుటికొచ్చే మనిషే ఎప్పుడూ మేలని అనుకోవద్దు. మాకు అంతకుముందు జనవరిలో స్వయంగా వచ్చిన మొదటి వ్యక్తి ఊళ్లో పెద్దమనిషి, అందరికీ తెలిసినవాడు. పింఛను పని మీద ఒక కార్యాలయంలో అధికారి ఐదు నిమిషాలు వివరిస్తే, అతను రెండు సైగల్లో ‘అంతా సరే, వెళ్దాం’ అన్నాడు. బాపు బదులు తనే జవాబులు చెప్పాడు. శరీరం పక్కనే ఉన్నా మాట మాత్రం రాలేదు. అక్కడా ప్రశ్నలు సున్నా.

అమ్మ విషయంలో నా అంచనా పూర్తిగా తలకిందులైంది. ఆ రోజుల్లోనే తనకు ఆడవాళ్ల సమస్య ఒకటి వచ్చింది. దగ్గరలో దొరికే ఇంటర్‌ప్రెటర్లు మగవాళ్లు, పైగా ఇక్కడి బధిరుల కుటుంబాలన్నీ ఒకరికొకరు తెలుసు. పెళ్లిళ్లలో కలుస్తారు. రేపు ఎవరి ఇంట్లోనో భోజనం వడ్డించే మనిషికి ఇవాళ తన ఒంటి సంగతి తెలియడం అమ్మకు ఇష్టం లేదు. నేనూ వద్దంది. వీడియోలో, తెలుగు వచ్చిన, ఎక్కడో దూరాన ఉన్న ఒక మహిళను అడిగి పెట్టించుకున్నాం. పరీక్ష చేసేటప్పుడు తెరను గోడకు తిప్పేశారు, తరువాత మళ్లీ తిప్పారు. నేను బయట కూర్చున్నాను. నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఇంటర్‌ప్రెటర్ ఐదు నిమిషాల విరామం అడిగిందట, అది మంచి గుర్తే. ఒక్కరే అరగంటకు మించి ఆగకుండా సైగలు చేస్తే మనసు అలసి తప్పులు దొర్లుతాయి. అమ్మ బయటకొచ్చి నాతో ఏమీ చెప్పలేదు. ముఖం తేలికగా ఉంది. ఆమెకు ఏ దూరం కావాలో ఆ దూరం వీడియో ఇచ్చింది.

2023 సెప్టెంబరులో బధిర న్యాయవాది సారా సన్నీ సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్ సాయంతో హాజరైనప్పుడు, అది జరిగింది వీడియో విచారణలోనే. నేను ఆ వార్త బాపుకు చూపించాను. న్యాయమూర్తి, న్యాయవాది, ఇంటర్‌ప్రెటర్ అందరూ తెరల మీదే సమానంగా ఉన్నచోట వీడియో ఎంత దూరమైనా వెళ్తుంది. ఒక్క ఇంటర్‌ప్రెటర్ మాత్రమే తెరలో, మిగతా అందరూ గదిలో ఉన్నచోటే తేడా వస్తుంది.

వీడియో బుక్ చేసేవాళ్లు ధర కంటే ముందు అడగవలసింది, ఇంటర్‌ప్రెటర్‌కు తెలుగు వచ్చా అని. తరువాత, అసలు పనికి ముందు పది నిమిషాలు ఊరికే మాట్లాడుకునే వీలుందా అని అడగండి. అది లేదన్నచోట మేం మళ్లీ బుక్ చేయలేదు. ఫోను తెర చాలదు, టాబ్లెట్ కావాలి, దాన్ని నిలబెట్టే స్టాండు కావాలి. చేత్తో పట్టుకుంటే ఆ చేయి సైగకు పనికిరాదు. ఆసుపత్రి ఇంటర్నెట్‌ను నమ్ముకోకుండా మీది మీరు తీసుకెళ్లండి. మనిషిని పిలిపించుకుంటే ఒక గంట ముందుగా ఇంటికి రమ్మనండి, చాయ్ పెట్టండి. ఎవరిని పిలవాలన్నది మాత్రం వినపడనివారే చెప్పాలి. కొడుకో కూతురో, ఆసుపత్రివాళ్లో నిర్ణయించకూడదు. ఫిబ్రవరిలో ఆ నిర్ణయం నేను చేశాను. బాపును అడిగి ఉంటే కనిపించదని చెప్పేవాడు.

ఖర్చు సంగతి దాచను. రెండు రోజులు మనిషిని రప్పించడానికి చార్జీలతో కలిపి దాదాపు ఏడు వేలు అయ్యాయి. నెలకు 4,016 రూపాయల దివ్యాంగుల పింఛను తీసుకునే ఇంటికి అది చాలా బరువు. ఆసుపత్రి బిల్లులో దూదికీ కంటి చుక్కలకూ చోటు ఉన్నప్పుడు ఇంటర్‌ప్రెటర్‌కు కూడా చోటు ఉండాలని నేను రాతపూర్వకంగా అడిగాను. జవాబు ఇంకా రాలేదు. మళ్లీ అడుగుతాను.

ఆపరేషన్ అయిన పది రోజులకు పరీక్ష ఉంది. ఈసారి ఎవరు కావాలని బాపునే అడిగాను. వీడియో చాలన్నాడు, ఇప్పుడు కనిపిస్తోంది కదా అని. అమ్మతో మాట్లాడిన ఆ మహిళే, తెలుగు వచ్చినామె, తెర మీదకు వచ్చింది. డాక్టరు కన్ను చూసి బాగా మానిందన్నాడు. బాపు తల ఊపాడు. తలస్నానం ఎప్పుడు చేయొచ్చని అడిగాడు. తరువాత జేబులోంచి రెండు దారపు ముక్కలు తీసి బల్ల మీద పక్కపక్కనే పెట్టాడు. ఒకసారి ఎడమ కన్ను మూసి చూశాడు, ఒకసారి కుడి కన్ను మూసి చూశాడు.

“ఈ కంటికి ఇది నీలం. ఆ కంటికి రెండూ నలుపే. ఎన్నేళ్ల నుంచి ఇలా ఉంది? నేను నలుపనుకుని ఎన్ని జంపఖానాల్లో నీలం నేశాను?”

శుక్లం నెమ్మదిగా పసుపు రంగుకు తిరుగుతుందని, ముందుగా నీలాలే తగ్గిపోతాయని, రెండు మూడేళ్లయి ఉండవచ్చని డాక్టరు చెప్పాడు. తెర మీద ఆమె చేతులు ఆ మాటలు చెబుతుంటే బాపు ఒక్కసారి కూడా ముందుకు వంగి కళ్లు చికిలించలేదు. రెండో కంటికి తేదీ జూలైలో పడింది. దానికి కాజీపేటలో దిగే అబ్బాయినే రమ్మనమన్నాడు, మూడు సార్లు తన అరచేతిని తానే తట్టి చూపిస్తూ.